ఊరి రేవు – పౌరహక్కుల చట్టము

 

కృష్ణవేణి సాగరమును గలియు చోట, దివిసీమ కొనయందు, హంసలదీవి యను గ్రామము గలదు. అచట వేణుగోపాలస్వామి కోవెల. కోవెలకు కొంత దూరమున సాగరసంగమము. మాఘ పూర్ణిమనాడు వేలకొలది జనులు సంగమస్నానమునకు వత్తురు. ఆ క్షేత్రమునకు పేరు వచ్చిన కథ మీ రెఱుగనిది కాదు. లోకుల పాపములను గడిగి గడిగి నల్లబడిన గంగామాత కాకరూపము దాల్చి, తీర్థములన్నిట మునుగుచు వచ్చి, ఇచ్చట మునిగి తెల్లని హంసయై లేచెనని పెద్దలు చెప్పుదురు. కథ యెట్లున్నను దాని లోపలి మాట గొప్పది. నీరు తనయందు మునిగినవానిని నీవెవ్వడవని యడుగదు. అడుగునది గట్టుమీద నిలిచిన మనుష్యుడు.

ఆ మనుష్యుడు "నీవు దిగరాదు" అనిన మాటకు చట్టమేమి బదులు చెప్పెనో, ఎన్ని పర్యాయములు చెప్పవలసి వచ్చెనో, అదియే నేటి ప్రసంగ విషయము. పౌరహక్కు అనగా దేశమున బుట్టినవాడు కులమును బట్టి గాక మనుష్యుడగుటను బట్టియే పొందదగిన హక్కు: బాటను నడచుట, నీరు ముంచుట, బడికి బోవుట, కొలువునకు అర్హుడగుట, దేవుని దర్శించుట. ఇంతటి సులభమైన మాటకు ఒక్క చట్టము చాలదా? నూఱేండ్లలో ఇన్ని చట్టములేల పుట్టెను? పరిశీలించి చూచినచో ప్రతి చట్టము వెనుకను ఒక సాకు గానవచ్చును. ఒక చట్టము ఒక సాకును మూసెను. మనుష్యుడు మఱొక సాకును తెఱచెను. దానికై మఱొక చట్టము రావలసి వచ్చెను. కాబట్టి ఈ చట్టముల చరిత్ర యనగా సాకుల చరిత్రయే. ఆ సాకులు తఱచుగా బుట్టినది రాజధానులలో గాదు, మన రచ్చబండలయొద్దనే.

ముందుగా మన సీమలో నీటి సంగతి తలచుకొందము. బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855 నాటికి పూర్తియైనది. పిదప కాలువలు సముద్రపు టంచులవఱకు సాగినవి. దివిసీమలోను, బందరు ప్రాంతమునను భూమిని త్రవ్వినచో తఱచు ఉప్పునీరే పడును. త్రాగుటకు కాలువనీటితో నింపిన ఊరచెఱువే దిక్కు. ఆ ఆనకట్ట సర్కారు ధనముతో గట్టినది. ఆ కాలువలు కూలివారి చెమటతో త్రవ్వినవి. వానిలో పల్లెవారి చేతులు తక్కువ కాదు. అట్టి నీటియొద్ద మాలపల్లెవారును మాదిగపల్లెవారును కుండలు పట్టుకొని గట్టుక్రింద నిలిచి, ఎవరైన దయదలచి పోయువఱకు వేచియుండవలసినదని అనేక గ్రామములలో ఆచారముండెను. త్రవ్వుటకు అంటు లేదు. ముంచుటకు అంటు కలదు. ఈ విడ్డూరమునకు చట్టము బదులు చెప్పుటకు చాల కాలము పట్టెను.

ఆంగ్లప్రభుత్వము 1850లో 21వ చట్టము చేసెను. కులమునుండి వెలియైనను, మతము మాఱినను మనుష్యునకు వారసత్వముగా రావలసిన ఆస్తి పోదని దాని సారము. ఇది ఆస్తి గలవారికి రక్షణ. ఆస్తి యేమియు లేక, చెఱువులో కడివెడు నీరు ముంచుకొన గోరినవానికి ఆ చట్టము పనికి రాలేదు. మతవిషయములలోను, ఆచారములలోను జోక్యము గల్పించుకొనమని దొరతనమువారు తఱచు పలుకుచుండిరి. ఇదియే మొదటి సాకు: "ఆచారము, రాజు ముట్టరాదు."

ఆ సాకును ఎదిరించినవారిలో ముందు నిలిచినవారు దానివలన బాధపడినవారే. ఈ సంగతి మఱువరాదు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజనసభ జరిగెను. దానిని గూర్చుటకు పాటుపడినవారు గుడివాడలో సేవాశ్రమమును నెలకొల్పిన సంస్కర్త గూడూరు రామచంద్రరావుగారు. అధ్యక్షత వహించినవారు హైదరాబాదునుండి వచ్చిన భాగ్యరెడ్డివర్మగారు. "మేము పంచములము కాము; ఈ దేశపు తొలి ప్రజలము, ఆదిఆంధ్రులము" అను భావమును వారు సభలో స్థాపించిరి. పేరు మార్చుట చిన్న పని యనుకొనరాదు. ఒకరు పెట్టిన పేరును తోసిపుచ్చి తన పేరు తాను చెప్పుకొనుటయే పౌరుడగుటకు మొదటి మెట్టు.

1924లో మదరాసు శాసనసభలో రెట్టమలై శ్రీనివాసన్‌గారు ఒక తీర్మానమును దెచ్చిరి. సర్కారు బాటలందును, కచేరీలందును, సార్వజనికములైన బావులు చెఱువులయందును ఏ కులమువారికిని ఆటంకము చెప్పరాదని దాని భావము. సభ అంగీకరించెను; ప్రభుత్వము ఆ యేడే ఉత్తరువు వెలువరించెను. మన కృష్ణాజిల్లా నాడు మదరాసు రాజధానిలోనిదే గనుక ఆ ఉత్తరువు మనకును వర్తించెను. కాని గ్రామములలో రెండవ సాకు సిద్ధముగా నుండెను: "ఈ చెఱువు సర్కారుది కాదు, ఊరివారిది." ఊరివారనగా నెవ్వరు? పల్లె ఊరిలోనిది కాదా? ఈ ప్రశ్నకు బదులు చెప్పినవారు లేరు.

ఇదే సాకు పశ్చిమతీరమున న్యాయస్థానమువఱకు పోయెను. బొంబాయి రాజధానిలోని మహద్ పట్టణమున చౌదార్ చెఱువును పురపాలకులు అందఱకు తెఱచినట్లు ప్రకటించినను, ముంచనిచ్చినవారు లేరు. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేద్కరుగారు వేలమందితో నడచి వెళ్లి ఆ నీరు త్రాగిరి. పైకులములవారు వ్యాజ్యెము వేసిరి. చెఱువు తమదనియు, ఇతరులను రానీయకుండుట అనాదిగా వచ్చుచున్న ఆచారమనియు వారి వాదము. పదేండ్లు వ్యవహారము నడచిన పిదప, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. అనాది యని చెప్పిన ఆచారము అనాది యని ఋజువు కాలేదు. పెద్దలారా, దోసిలినిండ నీరు త్రాగిన దానికి పదేండ్ల వ్యాజ్యెము!

ఇక్కడ శాస్త్రము చదివిన మనము ఒక మాట ఆలోచింపవలయును. ధర్మమునకు ప్రమాణములు చెప్పునపుడు మన పూర్వులు శ్రుతి, స్మృతి యని పిదప సదాచారమనిరి. ఉత్త ఆచారమనలేదు. 'సత్' అను విశేషణమును ముందు జేర్చుటలోనే పరీక్ష యున్నది. ఎంత కాలమునుండి నడచుచున్నదని కాదు, నడచుచున్నది మంచిదా యని చూడవలెను. దప్పిగొన్నవానికి నీరియ్యని ఆచారమునకు ఆ విశేషణము తగునా?

1933 డిసెంబరులో గాంధీమహాత్ముడు హరిజన యాత్రలో కృష్ణాజిల్లాకు వచ్చి బందరులోను ప్రసంగించెను. హృదయములు మాఱవలెనని వారి బోధ. హృదయములు కొన్ని మాఱినవి, పెక్కు మాఱలేదు. 1938లో మదరాసు శాసనసభలో ఎం.సి. రాజాగారు ప్రతిపాదించిన పౌర అశక్తతల తొలగింపు చట్టము వచ్చెను. ఏటియొద్దను, బావియొద్దను, చెఱువునొద్దను, బాటయందును, బండియందును కులకారణమున అడ్డగింపరాదనియు, అట్టి అడ్డగింతను ఆచారమని చెప్పినను న్యాయస్థానములు అంగీకరింపరాదనియు ఈ చట్టము శాసించెను. ఆచారమను సాకు కోర్టులో చెల్లకుండ బోయినది ఇప్పుడే. మఱుసటి సంవత్సరము జూలై 8వ తేదీన మధుర మీనాక్షి యాలయములోనికి హరిజనులు ప్రవేశించిరి. ఆ వెనువెంటనే ఆలయప్రవేశ చట్టము వచ్చెను. అయినను ధర్మకర్తలు ఇష్టపడిననే తెఱచుట యను మెలిక దానిలో నుండెను. 1947 నాటి ఆలయప్రవేశ చట్టముతో ఆ మెలిక వదలి, రాజధానిలోని ఆలయములలో హిందువులందఱకు ప్రవేశము హక్కైనది.

పిదప స్వరాజ్యము. 1948 నవంబరు 29వ తేదీన రాజ్యాంగసభ అస్పృశ్యతను రద్దు చేయు అధికరణమును ఆమోదించెను. అది నేడు రాజ్యాంగమున 17వ అధికరణము. ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడు అంబేద్కరుగారు. మన బందరువాసి పట్టాభి సీతారామయ్యగారును ఆ సభలో సభ్యులు. 1950 జనవరి 26నుండి అమలునకు వచ్చిన ఆ గ్రంథములో 14వ అధికరణము చట్టము ముందు అందఱు సమానులనియు, చట్టములచే అందఱకు సమాన రక్షణ కలదనియు చెప్పెను. 15వది కులమును బట్టియు, మతమును బట్టియు, స్త్రీపురుష భేదమును బట్టియు, పుట్టినచోటును బట్టియు వివక్ష కూడదనెను. అంతటితో నిలువక అంగళ్లను, భోజనశాలలను, బావులను, చెఱువులను, స్నానఘట్టములను, బాటలను పేరుపేరున లెక్కించెను. ఇంత పెద్ద దేశపు మూలశాసనమున స్నానపు రేవు మాట యేల వచ్చినదని యెవరైన అడిగినచో, మన చెఱువుగట్లను చూపవలసినదే.

సమానత యని యొకసారి, సమాన రక్షణ యని మఱొకసారి ఎందులకు? ఈ రెండవ మాట అమెరికా దేశమునుండి వచ్చినది. అచట నీగ్రోల దాస్యము రద్దైన పిదప, 1868లో రాజ్యాంగమునకు చేసిన 14వ సవరణలో ఆ మాట గలదు. కాని అచటను సాకు పుట్టెను. నల్లవారికి రైలులో వేఱు పెట్టె యుంచుట తప్పు కాదనియు, వేఱైనను సమానముగా నున్నచో చాలుననియు 1896లో వారి సుప్రీంకోర్టే పలికెను. ఆ సాకు ఏబది యెనిమిది సంవత్సరములు బ్రతికెను. బడుల విషయమున వేఱుపఱచుటయే అసమానత యని 1954లో అదే కోర్టు తీర్పు చెప్పెను. 1964 జూలైలో పౌరహక్కుల చట్టము వచ్చి హోటళ్లలోను, కొలువులలోను వివక్షను నిషేధించెను.

దూరదేశపు కథ యని దీనిని త్రోసివేయరాదు. "వారికి వేఱుగా బావి త్రవ్వించితిమి గదా, ఇంకేమి కావలయును?" అను మాట మన గ్రామములలో వినబడలేదా? మదరాసు ప్రభుత్వపు లేబరు శాఖ 1920 ప్రాంతమునుండి పల్లెలకు వేఱు బావులు త్రవ్వించెను. దాహము తీర్చుటకు అది మేలే. కాని ఊరిబావి తలుపు మూసియుంచుటకు దానినే సాకుగా జేసికొన్నచో, వేఱు బావి దానము కాదు, గోడ.

సమాన రక్షణ యన్నమాటను మన సీమవారికి వేఱే విప్పి చెప్ప నక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనను మనలో పెద్దవారు మఱువలేదు. పదివేల ప్రాంతము జనులు పోయిరి. ఉప్పెనకు కులము లేదని అందురు. నిజమే; కాని పల్లమున పూరిపాకలలో నున్నవారును, పొలములలో కూలికి వచ్చినవారును ఎక్కువగా కొట్టుకొనిపోయిరి. మిద్దెయెక్కుటకు మిద్దె యున్నవాడు మిగిలెను. కెరటము అందఱకు ఒక్కటే. రక్షణ ఒక్కటి కాదు. కరకట్టను పల్లమున ఎత్తుగా వేయుట పల్లపువారికి పక్షపాతము చేయుట కాదు గదా! వెనుకబడినవారికి ప్రత్యేకపు ఏర్పాటులు చేయవచ్చునని 1951లో రాజ్యాంగమునకు చేసిన మొదటి సవరణ ఈ న్యాయమునే చెప్పినది.

రాజ్యాంగము నేరమన్నను, శిక్ష చెప్పు చట్టము వేఱుగా రావలెను. అది 1955 జూన్ 1నుండి అమలైన అస్పృశ్యతా నేరముల చట్టము. నీటినుండియు, కోవెలనుండియు, అంగడినుండియు, ఆసుపత్రినుండియు, శ్మశానమునుండియు కులకారణమున త్రోసినవానికి ఆఱు నెలలవఱకు చెఱసాలయో, ఐదువందల రూపాయలవఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. అంతటితో తీరెననుకొనిరి. కాని దానిలో రాజీకి త్రోవ యుండెను. గ్రామపెద్దలు కూర్చుండి, దెబ్బతిన్నవానిని పిలిపించి, "ఊరిలో బ్రతుకవలసినవాడవు, కేసు తీసికొనుము" అనుట నడచెను. రాజీ యను పేరు మంచిది. కాని రాజీకి ఇరుప్రక్కల సమానబలము కావలెను. పొలము మీది, పని మీది, అప్పు మీది, సాక్షి మీవాడు ఐనప్పుడు ఎదుటివాడు తలయూపుట రాజీ యగునా?

అందుచే 1976లో ఆ చట్టమును సవరించి, పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. ఆ యేటి నవంబరు 19నుండి అది అమలునకు వచ్చెను. సరిగా ఏడాది నిండిన నాడే దివిసీమకు ఉప్పెన వచ్చినది. రాజీ త్రోవ మూయబడెను. శిక్ష నెలకు తక్కువ కారాదనిరి. కళేబరములు మోయుమని, పాకీపని చేయుమని అంటరానితనము పేర నిర్బంధించుటయు నేరమైనది. బాధితుడు షెడ్యూల్డు కులమువాడైనచో, అడ్డగింత అస్పృశ్యతా కారణముననే జరిగినట్లు కోర్టు తలచుకొనవలెను. కాదని నిరూపించుకొను భారము అడ్డగించినవానిది.

ఇక చెప్పవలసినది కష్టమైన మాట. 1985 జూలై 17వ తేదీన నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆఱుగురు దళితులు చంపబడిరి. త్రాగునీటి చెఱువులో మురికి కలుపవద్దని అన్నదానిమీద తగవు మొదలైనది. మరల నీరే, మరల రేవే! దేశమంతట ఇట్టి ఘోరముల పిమ్మట 1989లో షెడ్యూల్డు కులములు, తెగలవారిపై అత్యాచారముల నిరోధక చట్టము చేయబడి, 1990 జనవరి 30నుండి అమలైనది. ఏడాదిన్నర గడచెనో లేదో, 1991 ఆగస్టు 6వ తేదీన మన కృష్ణకు ఆవలి యొడ్డున, తెనాలి ప్రాంతపు చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపిరి. విచారణకు ఆ గ్రామమునందే ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పిరి. 2007 జూలైలో 21 మందికి యావజ్జీవశిక్ష పడెను. 2014 ఏప్రిలులో, నేరము తగినట్లు నిరూపింపబడలేదని హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను; వ్యవహారము సుప్రీంకోర్టు మెట్లెక్కెను. తీర్పుల మంచిచెడ్డలు చెప్పుట నా పని కాదు. కాని పట్టపగలు, ఊరంత ఎఱిగియుండ జరిగిన పనికి సాక్ష్యము చాలకపోవుటకు చట్టమొక్కటియే కారణమా యని ప్రతి గ్రామమును తన్ను తా నడుగుకొనవలయును. చట్టము నోరు లేనిది. దానికి నోరు సాక్షి.

"మేము కొట్టలేదు, తిట్టలేదు, పనికి పిలువలేదు, పాలు పోయలేదు, అంతే" అను సాకు మఱొకటి. వెలివేత పూర్వము పెద్దల చేతిలోని ఆయుధము. అత్యాచారముల చట్టమునకు 2015లో చేసి, 2016 జనవరి 26నుండి అమలుపఱచిన సవరణ, సాంఘిక బహిష్కారమును, ఆర్థిక బహిష్కారమును స్పష్టముగా నేరములలో జేర్చెను. చెప్పులదండ వేయుట, గుండు గీయించుట గూడ పేరు పెట్టి చెప్పెను.

"అబద్ధపు కేసులు పెట్టుదురు" అను మాటయు వినుచున్నాము. ఈ భయమును మన్నించి 2018 మార్చిలో సుప్రీంకోర్టు అరెస్టులకు ముందు కొన్ని కట్టుబాట్లు విధించెను. పార్లమెంటు ఆ యేడే చట్టమును సవరించి వానిని తొలగించెను. 2019 అక్టోబరులో కోర్టే తన ఆదేశములను వెనుకకు తీసికొనెను. అబద్ధపు దావా ఏ చట్టముక్రిందనైన పుట్టవచ్చును. సరిహద్దు తగవులలో దొంగ పత్రములు పుట్టునని రిజిస్ట్రేషను చట్టమును ఎత్తివేయుమని యెవ్వరును కోరలేదు. అబద్ధమునకు మందు విచారణ. హక్కును తీసివేయుట కాదు.

నేడు కొళాయిలు వచ్చినవి. చెఱువుగట్టున కుండతో నిలువవలసిన అవసరము చాలచోట్ల తగ్గినది. అందుచే సాకులు రూపు మార్చినవి. "మేము రావద్దనలేదు, వారే రారు" అనునది ఇప్పటి సాకు. ఏ భయముచే రారో విచారించిన పెద్ద యెవ్వడు? శ్మశానమునకు త్రోవ ఎవరి పొలముమీదుగా పోవలెనని తగవు వచ్చినపుడు, ఉత్సవమున రథము పల్లెవంక పోవలెనా యని తర్కించినపుడు, బడిపిల్లలను వేఱు పంక్తిని కూర్చుండబెట్టినపుడు, మనము చూడనట్లు తొలగిపోవుచున్నామా?

పెద్దలారా, పూర్వము తగవు వచ్చినచో జనులు తహసీలుదారునొద్దకు పోక మీయొద్దకు వచ్చిరి. నేటికిని ముందు మీ ముఖమే చూతురు. అప్పుడు "ఎట్లు సర్దుదము?" అని మొదలుపెట్టకుడు. "ఎవని హక్కు అడ్డగింపబడెను?" అని మొదట అడుగుడు. అడ్డు తొలగించుడు, నేరము జరిగియున్నచో ఠాణాకు పోవువానిని ఆపకుడు, చూచినది చూచినట్లు చెప్పుడు. మీరొక్కరు రేవునకు నడచి, పల్లెనుండి వచ్చిన బిడ్డను ప్రక్కకు పిలిచి కడవ నింపనిచ్చినచో, మీ వెనుక ఊరు నడచును. శాసనసభలు నూఱేండ్లు వ్రాసిన మాట అపుడు మీ గ్రామమున అమలైనట్లు.